ఉమ్మనీటి పరీక్షలో సూది బిడ్డ కంటికి తగులుతుందేమోనని భయమా? పరీక్షకు ముందు నుంచి పుట్టాక కళ్లు చూపించే వరకు ఏం చేయాలి

"సిస్టరమ్మా, సూది బిడ్డ కంట్లో గుచ్చుకుంటే ఏటి గతి?"

భీమిలి వైపు నుంచి కోడలిని వెంటబెట్టుకొచ్చిన ఓ పెద్దావిడ అడిగిన మాట ఇది. విశాఖలో ఉమ్మనీటి పరీక్షలు చేసే స్కానింగ్ గదిలో నర్సుగా పదేళ్లు దాటాయి నాకు. ఉమ్మనీటి పరీక్ష (అమ్నియో) అంటే తల్లి పొట్టలోంచి సూదితో కాస్త ఉమ్మనీరు తీసి, బిడ్డకు క్రోమోజోముల, జన్యువుల జబ్బులు ఉన్నాయేమో చూడటం. వారానికి ఒకరైనా ఇదే అడుగుతారు. కొందరు నోరు తెరిచి అడుగుతారు, కొందరు అన్నీ అయ్యాక తలుపు దగ్గర ఆగి అడుగుతారు. ఈమధ్య ఫోన్‌లో కూడా మొదలైంది. అందుకే ఒక్కచోట రాసి పెడుతున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. అలా జరగడం అసాధ్యమేమీ కాదు, కానీ చాలా చాలా అరుదు. 1970ల నుంచి వైద్య పత్రికల్లో ఒక్కొక్క కేసుగా రాసినవి ఉన్నాయి. నల్లగుడ్డు మీద మచ్చ, కనుపాప గుండ్రంగా లేకుండా ఓ పక్కకి లాగినట్టు ఉండటం, లోపల రెటీనా (కంటి వెనకనుండే పొర) మీద మచ్చ, ఒక కంటి చూపు పూర్తిగా పోవడం, ఇలాంటివి. ఆ రోజుల్లో ముందు స్కాన్ చేసి, పొట్ట మీద గుర్తు పెట్టుకుని, తర్వాత చూడకుండానే సూది పెట్టిన సందర్భాలు చాలా ఉండేవి. ఇప్పుడు సూది లోపలికి వెళ్లినప్పటి నుంచి బయటికి వచ్చే దాకా స్కానింగ్ ప్రోబ్ పొట్ట మీదే ఉంటుంది, సూది మొన తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. నా కళ్లముందు అలాంటి దెబ్బ ఒక్కటీ తగల్లేదు.

నాకు కనిపించే అసలు చిక్కు వేరే ఉంది. పరీక్ష చేయించుకున్న సంగతి చుట్టాలకు తెలియకూడదని దాస్తారు. ఆ దాచడం అలవాటైపోయి బిడ్డ పుట్టాక పిల్లల డాక్టరు దగ్గరా, కంటి డాక్టరు దగ్గరా దాచేస్తారు. కింద రాసినవాటిలో సగం దాని గురించే.

సిద్ధం చేసుకోవాల్సినవి

- బ్లడ్ గ్రూప్ రిపోర్టు. మీది నెగటివ్ అయితే ఐసీటీ రిపోర్టు (రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయేమో చూసేది) కూడా.
- హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ రిపోర్టులు.
- ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ లేదా ఎన్‌ఐపీటీ రిపోర్టు (బిడ్డకు క్రోమోజోముల జబ్బు ఉండే అవకాశాన్ని అంచనా వేసేవి). ఏ కారణంతో పంపారో రాసిన డాక్టరు చీటీ.
- మీరు వాడుతున్న మందుల పేర్లు. రక్తం పలచబరిచే ఎకోస్ప్రిన్, హెపారిన్ ఇంజెక్షన్లు ఉంటే తప్పకుండా చెప్పాలి. మీ అంతట మీరు ఆపేయొద్దు, డాక్టరు చెబితేనే ఆపాలి.
- ఆధార్ కార్డు.
- చీర గానీ, పైనా కిందా విడిగా ఉండే డ్రెస్ గానీ. నైటీలో రావద్దు, పొట్ట వరకు ఎత్తాల్సి వస్తుంది, మీకే ఇబ్బంది.
- వెనక్కి తీసుకెళ్లడానికి ఒక మనిషి.
- ఒక ప్లాస్టిక్ ఫైలు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఆరో మెట్టుకొచ్చాక దీని విలువ తెలుస్తుంది.

పస్తు ఉండక్కర్లేదు. ఇడ్లీ తిని రండి. ఖాళీ కడుపుతో వచ్చి కళ్లు తిరిగి పడిపోయినవాళ్లే ఎక్కువ.

1. ఈ పరీక్ష మీకు నిజంగా కావాలా?

కంటికి సూది తగలకుండా ఉండే నూటికి నూరుపాళ్ల దారి ఒక్కటే, అక్కర్లేని పరీక్ష చేయించుకోకపోవడం. డబుల్ మార్కర్‌లో "హై రిస్క్" అని రాగానే జబ్బు ఉన్నట్టు కాదు. అది అంచనా మాత్రమే. చాలామందికి మధ్యలో ఎన్‌ఐపీటీ అనే మెట్టు ఉంటుంది. పదో వారం దాటాక తల్లి చేతి నుంచి రక్తం తీసి చేస్తారు, బిడ్డ జోలికి ఏ సూదీ పోదు. అందులో నార్మల్ వస్తే చాలామందికి ఉమ్మనీరు తీయాల్సిన పని తప్పుతుంది. స్కాన్‌లోనే లోపం కనిపించినవాళ్లకు మాత్రం ఈ మాట వర్తించదు, వాళ్లను డాక్టరు నేరుగా అమ్నియోకే పంపవచ్చు. ఎన్‌ఐపీటీలో తేడా వచ్చినా దాని ఒక్కదాని మీదే నిర్ణయం తీసుకోకూడదు, ఖాయం చేసుకోవడానికి అమ్నియో లాంటి సూది పరీక్ష చేయించాల్సిందే.

మేనరికం సంబంధాలకూ, ఏజెన్సీ వైపు నుంచి వచ్చేవాళ్లకూ ఇంకో మాట. పాడేరు, అరకు ప్రాంతాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉంది. తలసేమియా కూడా ఇదే తరహా జబ్బు. వీటి కోసం అమ్నియో రాశారంటే ముందు భార్యాభర్తలిద్దరికీ రక్తంలో హెచ్‌పీఎల్‌సీ పరీక్ష అయిందా అని అడగండి. ఇద్దరూ క్యారియర్లు (జబ్బు లేకపోయినా దాని జన్యువు మోసేవాళ్లు) అయితేనే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. భర్త రిపోర్టు చూడకుండానే భార్య పొట్టలో సూది పెట్టించే తొందర వద్దు. మామూలు ఎన్‌ఐపీటీ ఈ జబ్బులను చెప్పదు, అది గుర్తుంచుకోండి.

కడుపులోని బిడ్డ పరీక్షలను అదుపు చేసే పీసీపీఎన్‌డీటీ చట్టం కూడా ఎవరికి పడితే వారికి చేయనివ్వదు. వయసు 35 దాటడం, రెండు లేదా అంతకుమించి గర్భాలు పోవడం, బిడ్డకు హాని చేసే మందులు గానీ రేడియేషన్ గానీ తగలడం, ఇంట్లో జన్యు జబ్బులు ఉండటం వంటి కారణాల్లో ఏదో ఒకటి కాగితం మీద ఉండాలి. ఆడా మగా చెప్పడం నేరం. అడగడం కూడా మానేయండి.

2. వారాలు లెక్కపెట్టుకోండి

ఉమ్మనీటి పరీక్ష 15 వారాలు పూర్తయ్యాకే. మామూలుగా 16 నుంచి 20 మధ్య చేస్తారు. అంతకంటే ముందు చేస్తే గర్భం పోయే ప్రమాదమూ, బిడ్డ పాదం వంకర వచ్చే ప్రమాదమూ పెరుగుతాయని 1990ల్లో జరిగిన పెద్ద అధ్యయనాల్లో తేలింది. అప్పుడు నీరు తక్కువ, చోటు తక్కువ. బిడ్డ ముఖానికి దూరంగా సూది పెట్టడానికి జాగా దొరకదు. "పన్నెండో వారంలోనే చేసేస్తాం" అని ఎవరైనా అంటే అది అమ్నియోనా, మాయ నుంచి ముక్క తీసే సీవీఎస్సా అని అడగండి. సీవీఎస్ 11 నుంచి 14 వారాల మధ్య చేస్తారు. అందులో సూది మాయ వరకే వెళ్తుంది, బిడ్డ ఈదే నీటి సంచిలోకి పోదు. త్వరగా తెలియాల్సిన కుటుంబాలకు ఇదో దారి, కానీ చేతి అనుభవం ఇంకా ఎక్కువ కావాలి.

మరీ ఆలస్యం చేసినా ఇబ్బందే. పూర్తి కేరియోటైప్ (క్రోమోజోముల రిపోర్టు) రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం 20 వారాల వరకు గర్భస్రావానికి ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 24 దాటితే తీవ్రమైన లోపాలున్న కేసుల్లో మెడికల్ బోర్డు దగ్గరికి వెళ్లాలి. వెనక్కి లెక్కేసుకుంటే 16, 17 వారాల్లో చేయించుకున్నవాళ్లకు ఆలోచించుకునే సమయం దొరుకుతుంది. నెలల్లో చెప్పకండి. "నాలుగో నెల" అంటే మీ అత్తగారి లెక్క వేరు, మీ లెక్క వేరు, స్కాన్ లెక్క వేరు.

3. ఎవరు చేస్తారో అడగండి

సిగ్గుపడకుండా అడగాల్సినవి నాలుగే:

- సూది లోపల ఉన్నంతసేపూ స్కాన్ చూస్తూనే చేస్తారా?
- ఎవరు చేస్తారు, ఈ పరీక్షలు తరచుగా చేస్తుంటారా?
- మొదటిసారి నీరు రాకపోతే ఎన్నిసార్లు ప్రయత్నిస్తారు? రెండుసార్లకు మించి గుచ్చకుండా ఇంకో రోజుకు వాయిదా వేయడమో, ఇంకా అనుభవం ఉన్నవాళ్ల దగ్గరికి పంపడమో మంచి పద్ధతి.
- సూది పెట్టే ముందు బిడ్డ తల ఎటు ఉందో, మాయ ఎటు ఉందో నాకు చూపిస్తారా?

నాలుగో ప్రశ్నకి విసుక్కునే డాక్టర్లు ఉంటారు. నేను పనిచేసే చోట మాత్రం తెర మీద వేలు పెట్టి చూపిస్తారు. చూశాక తల్లి భుజాలు కిందికి దిగడం నాకు పక్క నుంచే తెలుస్తుంది.

పీసీపీఎన్‌డీటీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడకు తగిలించి ఉండాలి. లేనిచోట బెడ్ ఎక్కకండి. కవలలు ఉన్నవాళ్లు ఫీటల్ మెడిసిన్ (కడుపులోని బిడ్డ వైద్యం) చదివినవాళ్ల దగ్గరికే వెళ్లండి. ఏ సంచి ఏ బిడ్డదో చూసుకుని విడివిడిగా నీరు తీయాలి, అది అందరి చేతికీ వచ్చే పని కాదు. జన్యు సలహా కావాలంటే హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. మనవాళ్లు రాత్రి రైలెక్కి వెళ్లొస్తుంటారు.

4. జీ ఫారం చదివాకే సంతకం

పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం సూదితో చేసే ఏ ప్రసవ పూర్వ పరీక్షకైనా ముందు మీకు ప్రమాదాలు వివరించాలి, మీకు అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా మీ అంగీకారం తీసుకోవాలి. దాన్నే జీ ఫారం అంటాం. తెలుగులో ఇమ్మనండి. దాని కాపీ ఒకటి మీకు ఇవ్వాలి, అదీ చట్టంలోనే ఉంది. ఎవరూ అడగరు, అందుకే ఎవరూ ఇవ్వరు.

గర్భం పోయే ప్రమాదం గురించి అడిగితే పాత పుస్తకాల్లో నూటికి ఒకటి అని ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్ల చేతుల్లో అదనపు ప్రమాదం 0.5 శాతం కంటే తక్కువని ఇప్పటి లెక్క. బిడ్డకు సూది తగలడం అంతకంటే ఎంతో అరుదు. ఈ రెంటినీ కలిపేసి భయపడకండి.

5. ఆ పూట బెడ్ మీద

ఏం జరుగుతుందో వరసగా చెబుతాను, తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ముందు మామూలు స్కాన్. గుండె కొట్టుకోవడం, నీరు ఎంత ఉంది, మాయ ఎక్కడుంది, బిడ్డ ఎటు పడుకుంది. డాక్టరు వెతికేది ఒక "జేబు" కోసం, అంటే బిడ్డ ముఖానికి దూరంగా నీరు నిండుగా ఉన్న చోటు కోసం. తర్వాత పొట్టంతా బెటాడిన్‌తో తుడుస్తాం, చల్లగా ఉంటుంది. ఆకుపచ్చ గుడ్డ కప్పుతాం. సూది సన్నగా ఉంటుంది, మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పొడవు చూసి హడలిపోతారు గానీ అంతా లోపలికి పోదు. గర్భసంచి గోడ దాటేటప్పుడు ఓ నొక్కుడు లాంటి నొప్పి. చాలామందికి మత్తు ఇంజెక్షన్ అక్కర్లేదు. మొదట వచ్చిన ఒకటి రెండు మిల్లీలీటర్లు పారబోస్తాం, అందులో తల్లి కణాలు కలిసే వీలుంది. తర్వాత 15 నుంచి 20 మిల్లీలీటర్లు, లేత గడ్డి రంగులో. సూది లోపల ఉండేది ఒకటి రెండు నిమిషాలే.

ఆ రెండు నిమిషాల్లో మీ పని కదలకుండా ఉండటం. ఊపిరి బిగబట్టకండి, చిన్నచిన్నగా తీసుకోండి. చేతులు తల కింద పెట్టుకోండి. నొప్పి వస్తే నోటితో చెప్పండి, పొట్ట మీదికి చేయి తేవద్దు. దగ్గు, తుమ్ము వచ్చేలా ఉంటే సూది పెట్టకముందే చెప్పేయండి. ఓసారి గాజువాక అమ్మాయి ఒకామె సూది లోపల ఉండగా నవ్వింది, టెన్షన్‌లో వచ్చే నవ్వు. డాక్టరు సూదిని కదపకుండా పట్టుకుని ఆగిపోయారు. తెర మీద సూది మొన, తెల్లటి చుక్క, అలాగే నీటి మధ్యలో నిలబడింది. పొట్ట మాత్రం ఊగింది. నాకు చెమట పట్టింది.

బిడ్డ కదులుతుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. ఆ వయసులో కనురెప్పలు ఇంకా అతుక్కునే ఉంటాయి, సుమారు 26వ వారం దాకా తెరుచుకోవు. రెప్ప మూసి ఉంది కదా అని సూదికి అడ్డు కాదు. బిడ్డ తల ఆ జేబులోకి వచ్చిందంటే ఆగడమే మంచిది. పోయిన ఏడు ఒకామెకు మూడుసార్లు ఆగాం. మేం సూది అందుకోగానే బిడ్డ అటు తిరిగేది, సరిగ్గా ముఖం ఆ నీటిలోకే. డాక్టరు చేతి తొడుగులు తీసి పారేసి, "అమ్మా, లేచి పావుగంట వరండాలో నడిచి రా, నీళ్లు తాగు" అన్నారు. ఆవిడ మొగుడికి కోపం, సెలవు పెట్టుకుని వచ్చాడట. పావుగంట తర్వాత బిడ్డ వీపు తిప్పి పడుకుంది. ఒక్కసారికే నీరు వచ్చింది. మిమ్మల్ని నడిచి రమ్మన్నా, రేపు రమ్మన్నా గొడవ పెట్టుకోకండి. ఆ డాక్టరు దగ్గరే చేయించుకోండి.

6. గది దాటకముందు కాగితం

ఈ మెట్టు దాటేసినవాళ్లు నూటికి తొంభై మంది అంటే అతిశయోక్తి అనుకోకండి, నా కళ్లతో చూస్తున్నదే. రిపోర్టు వచ్చేది క్రోమోజోముల గురించి. ఆ పరీక్ష ఎలా జరిగిందో రాసిన కాగితం వేరు. దాన్ని ప్రొసీజర్ నోట్ అంటారు. అందులో ఇవి ఉండాలి:

- తేదీ, ఆ రోజుకు ఎన్ని వారాలు ఎన్ని రోజులు.
- ఎన్నిసార్లు సూది పెట్టారు.
- స్కాన్ చూస్తూనే చేశారా.
- నీరు ఏ రంగులో వచ్చింది. రక్తం కలిసిందా.
- మాయలోంచి సూది వెళ్లిందా.
- తర్వాత గుండె చూశారా.
- సూది బిడ్డకు తగిలినట్టు అనుమానం ఉందా, లేదా. "లేదు" అయినా రాయించండి.

ఆసుపత్రిలో ఈ రికార్డులు రెండేళ్లు దాచాలన్నది నిబంధన. మీ బిడ్డ కంటి సంగతి మూడో ఏటో, స్కూల్లో వేసేటప్పుడో బయటపడితే అప్పటికి అక్కడ కాగితం ఉంటుందన్న హామీ లేదు. మీ ఫైల్లోది, మీ ఫోన్లో తీసిన ఫొటోనే దిక్కు.

వెనకటికి నేను పనిచేసిన ఇంకో చోట (పేరెందుకు) ఈ నోటే ఇచ్చేవారు కాదు. బిల్లు, రిపోర్టు, అంతే. అక్కడ పరీక్ష చేయించుకున్న ఒకామె బిడ్డకు ఎనిమిదో నెలలో నల్లగుడ్డు మీద ఆవగింజంత తెల్లమచ్చ కనబడింది. కంటి డాక్టరు అడిగారట, "కడుపుతో ఉన్నప్పుడు ఏదైనా ప్రొసీజర్ జరిగిందా?" అని. పక్కన అత్తగారు. తల్లి "లేదండీ" అంది. రాత్రి నాకు ఫోన్ చేసి ఏడ్చింది. మర్నాడు మళ్లీ వెళ్లి చెప్పింది గానీ, చూపించడానికి ఏ కాగితమూ లేదు. ఆ మచ్చకు సూదే కారణమని ఎవరూ తేల్చలేదు, కాదనీ తేల్చలేకపోయారు. ఇన్ఫెక్షన్ వల్లా రావచ్చు, కాన్పులో దెబ్బ వల్లా రావచ్చు, పుట్టుకతోనూ రావచ్చు.

బ్లడ్ గ్రూప్ నెగటివ్ వాళ్లు ఇంకో పని చేసుకుని కదలాలి. బిడ్డ రక్తానికి వ్యతిరేకంగా తల్లి ఒంట్లో యాంటీబాడీలు పుట్టకుండా ఆపే యాంటీ-డీ ఇంజెక్షన్ 72 గంటల లోపు పడాలి. భర్త గ్రూపు కూడా నెగటివే అయితే డాక్టరుతో మాట్లాడండి.

7. ఇంటికి వెళ్లాక

ఆ రోజు బరువులు ఎత్తకండి, బిందెలు మోయకండి. మంచానికి అతుక్కుపోవాల్సిన పని లేదు. స్కూటీ మీద కాకుండా ఆటోలోనో కారులోనో వెళ్లండి. కొద్దిగా పొత్తికడుపు లాగడం, ఒకటి రెండు చుక్కల మరక, ఒక రోజు వరకు కంగారు లేదు. కింది వాటిలో ఏది కనిపించినా తెల్లారే దాకా ఆగకండి:

- నీళ్లు కారడం. తడి మూత్రమో ఉమ్మనీరో తేలకపోతే పొడి ప్యాడ్ పెట్టుకుని గంట చూడండి. వాసన లేకుండా నీళ్లలా తడుస్తూనే ఉంటే ఉమ్మనీరే అనుకుని బయల్దేరండి. చాలాసార్లు దానంతట అదే ఆగుతుంది, అయినా చూపించాలి.
- జ్వరం, చలి.
- ఎర్రటి రక్తం.
- తగ్గని నొప్పి, దుర్వాసనతో తెల్లబట్ట.

బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. కేజీహెచ్‌కు గానీ ఘోషా ఆసుపత్రికి గానీ ఏ వేళైనా వెళ్లొచ్చు. వెళ్లగానే చెప్పాల్సిన మొదటి మాట "ఫలానా రోజు ఉమ్మనీరు తీశారు" అని.

8. టిఫాలో కళ్లు

బిడ్డ అవయవాలన్నీ చూడటానికి 18 నుంచి 22 వారాల మధ్య చేసే టిఫా స్కాన్‌లో రెండు కనుగుడ్లు ఉన్నాయా, లెన్సులు కనిపిస్తున్నాయా చూస్తారు. స్కాన్ చేసేవాళ్లకు అమ్నియో సంగతి చెప్పండి. అయితే దీని మీద అతిగా ఆశ పెట్టుకోవద్దు. చిన్న మచ్చ, రెటీనా మీద గీత స్కాన్‌లో తెలియవు. టిఫా నార్మల్ అంటే పుట్టాక కళ్లు చూపించక్కర్లేదని కాదు.

9. పుట్టిన వారంలో

కాన్పు వేరే ఆసుపత్రిలో జరగడం మన దగ్గర మామూలు. తొలి కాన్పు పుట్టింట్లో, అది శ్రీకాకుళమో తునో అవుతుంది. అక్కడి పిల్లల డాక్టరుకు మీ పాత సంగతులేవీ తెలియవు. డిశ్చార్జి కాకముందే మీరు ఇలా చెప్పండి: "16 వారాలప్పుడు అమ్నియో అయింది, కళ్లకు రెడ్ రిఫ్లెక్స్ చూడండి."

గది కాస్త చీకటి చేసి, చేతిలో పట్టుకునే చిన్న లైటు పరికరంతో అడుగున్నర దూరం నుంచి రెండు కళ్లలోకీ ఒకేసారి చూస్తారు. కనుపాపల్లో ఎర్రటి, నారింజ రంగు మెరుపు రావాలి. మన పిల్లల్లో అది కొంచెం పసుపు ఛాయగా ఉండొచ్చు. రెండు కళ్లలోనూ ఒకేలా ఉందా అన్నదే ముఖ్యం. ఒకదానిలో తెల్లగానో, నల్లగానో, మసకగానో ఉంటే ఆ వారంలోనే కంటి డాక్టరు చూడాలి. ఇదంతా ఒక నిమిషం పని, బిడ్డకు నొప్పి ఉండదు.

మెరుపు బాగానే ఉన్నా, ప్రొసీజర్ నోట్‌లో ఎక్కువసార్లు గుచ్చినట్టో, తగిలిన అనుమానం ఉన్నట్టో ఉంటే, చుక్కల మందు వేసి కనుపాప పెద్దది చేసి రెటీనా వరకు చూపించండి. విశాఖలో దీనికి దూరం పోనక్కర్లేదు. ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, హనుమంతవాక దగ్గర ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. చిన్నపిల్లల కళ్లు చూసే డాక్టరు కావాలని కౌంటర్లోనే చెప్పండి.

10. ఇంట్లో మీరు చూసుకునేవి

పగటి వెలుతురులో, బిడ్డ పాలు తాగి హాయిగా ఉన్నప్పుడు:

- నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క ఉందా? మనవాళ్లు కంట్లో పువ్వు అంటారు, అదే.
- కనుపాపలు రెండూ గుండ్రంగా, ఒకే సైజులో ఉన్నాయా? ఒకటి తాళం రంధ్రంలా, బాదం గింజలా ఉంటే చూపించాలి.
- ఒక కన్ను చిన్నదిగా ఉందా, రెప్ప వాలి ఉందా?
- రెప్ప మీదో, కంటి పక్కనో చిన్న గుంటలాంటి మచ్చ ఉందా? సూది చర్మానికి తగిలితే అలాంటి గుంట మిగలవచ్చు. పుట్టుకతో మరో కారణంతోనూ ఉండొచ్చు.
- రెండో నెల నిండేసరికి మీ ముఖం వైపు నిలకడగా చూస్తోందా? మూడో నెలలో బొమ్మ వెంట కళ్లు తిరుగుతున్నాయా?

మూడు నెలలు దాటాక ఇంకో చిన్న పరీక్ష. బిడ్డ బొమ్మను చూస్తుండగా మీ అరచేయి తగలకుండా ఒక కన్ను మూయండి. తర్వాత రెండోది. ఒక కన్ను మూసినప్పుడు ఊరుకుని, రెండోది మూయగానే తల తిప్పేసి గొడవ చేస్తుంటే, మూయనివ్వని ఆ కన్నే బిడ్డకు ఆధారం, మొదటిదానిలో చూపు తక్కువేమో. రెండు మూడు రోజులు వేర్వేరు వేళల్లో చేసి చూడండి. ఆకలితో ఉన్న బిడ్డ ఏ కన్ను మూసినా ఏడుస్తుంది.

ఫ్లాష్‌తో తీసిన ఫొటోలు కూడా తిరగేయండి. ప్రతి ఫొటోలో ఒకే కన్ను తెల్లగా మెరుస్తుంటే ఆలస్యం చేయొద్దు. ఒక్క ఫొటోలో పక్కచూపులో వచ్చిన తెలుపు కోసం నిద్ర చెడగొట్టుకోవద్దు, డాక్టరుకు చూపించి అడగండి చాలు.

జరిగే పొరపాట్లు

మెల్లకన్ను అదృష్టం అని వదిలేయడం అన్నింటికంటే పెద్దది. మొదటి మూడు నాలుగు నెలల్లో అప్పుడప్పుడు కళ్లు తప్పడం మామూలే. ఎప్పుడూ ఒకే కన్ను తప్పుతుంటే, లేదా నాలుగో నెల తర్వాత కూడా ఉంటే అది చూపు లేని కన్ను కావచ్చు. వాడని కన్ను మెదడుకు అలవాటు తప్పుతుంది, తర్వాత అద్దాలు పెట్టినా పూర్తిగా తిరిగి రాదు. పుట్టుకతో ఒక కంటికి దట్టమైన శుక్లం ఉంటే ఆపరేషన్ మొదటి ఆరు వారాల దగ్గరే అయితే మంచిదంటారు కంటి డాక్టర్లు. బాలసారె అయ్యాక చూద్దాం అనుకునే వ్యవధి లేదు.

కంట్లో ఆముదం, తల్లిపాలు, కాటుక. మచ్చ కరుగుతుందని వేస్తారు. కరగదు. ఇన్ఫెక్షన్ వస్తే ఉన్న చూపు కూడా పోతుంది.

గ్రహణం నాడు కోడలు కత్తిపీట పట్టుకుందని తిట్టడం. దీనికి నేను చెప్పేదేం లేదు, ఆ అమ్మాయిని ముందు కూర్చోబెట్టి అన్నం పెట్టండి.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. బిడ్డ కంట్లో ఏ తేడా కనిపించినా "ఆ సూది వల్లే" అని తీర్మానించుకోవడం. పుట్టుకతో వచ్చే కంటి లోపాలు సూది దెబ్బలకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కనుపాప కింది వైపు చీలినట్టు ఉండేది చాలాసార్లు కన్ను తయారయ్యేటప్పుడే పూర్తిగా మూసుకోక వచ్చింది. రెండు కళ్లకూ ఒకేలా ఉంటే సూది సంగతి దాదాపు మర్చిపోవచ్చు. తల్లి తనను తాను నిందించుకోవడం మొదలుపెడితే డాక్టరు దగ్గరికి వెళ్లడమే మానేస్తుంది, అలాంటివాళ్లను చూశాను.

"మా వాడికి ఇప్పుడు నాలుగేళ్లు, అప్పుడు చూపించలేదు"

ఇప్పుడు చూపించండి. చూపు బాగుందని మీకు అనిపించవచ్చు, పిల్లలు ఒక కంటితోనే ఆడేస్తారు, పరిగెత్తేస్తారు, పెన్సిల్ పట్టేస్తారు. ఒక్కో కన్ను మూసి టీవీలో బొమ్మ పేరు అడగండి. తర్వాత కంటి ఆసుపత్రికి వెళ్లి చుక్కల మందు వేసి చూడమనండి. మందు వేశాక కొన్ని గంటలు వెలుగు చూడలేరు, ఎండలో బీచ్‌కి తీసుకెళ్తానని వాడికి మాటివ్వకండి. టోపీ పట్టుకెళ్లండి, పాత ఫైలు కూడా పట్టుకెళ్లండి. ఫైలు దొరక్కపోతే పరీక్ష జరిగిన నెల, ఏ ఆసుపత్రి, ఎన్నిసార్లు గుచ్చినట్టు గుర్తుంది, ఈ మూడూ ఓ తెల్లకాగితం మీద రాసుకుని వెళ్లి, డాక్టరు అడగకముందే టేబుల్ మీద పెట్టండి.